గ్లాసులో నీళ్ళు

చదవవలసిన భాగం: హెబ్రీయులకు 13:7–8

నెల్లూరు దాటి కావలి వైపు వెళ్ళే రైలు పడుగుపాడు, కొడవలూరు, తలమంచి, అల్లూరు రోడ్డు మీదుగా బిట్రగుంట చేరుతుంది. చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఇప్పుడు అక్కడ ఆగవు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో మాత్రం మద్రాసు–విజయవాడ దారిలో పేరున్న లోకో షెడ్డు ఆ ఊరిదే.

ఆ షెడ్డుల్లో ఎవరూ నేరుగా డ్రైవరు కాలేదు. ముందు గుడ్డపేలికతో ఇంజను తుడవాలి. తర్వాత సెకండ్ ఫైర్‌మ్యాన్‌గా బొగ్గు పగలగొట్టి ముందుకు తొయ్యాలి. ఆపైన ఫస్ట్ ఫైర్‌మ్యాన్, షంటింగు, గూడ్సు, ప్యాసింజరు. మెయిలు బండి చేతికొచ్చేసరికి తల నెరిసేది. అంటే ప్రతి డ్రైవరూ ఏళ్ళ తరబడి ఇంకొకరి పక్కన నిలబడి నేర్చుకున్నవాడే. ఆ హోరులో పాఠాలు చెప్పడం కుదిరేది కాదు. చేసి చూపించాలి, లేదా వేలితో చూపించాలి.

కొత్త కుర్రాడి చూపు మంట మీదకే పోతుంది. పెద్దాయన వేలు బాయిలర్లో నీటి మట్టం చూపించే గేజ్ గ్లాసు వైపు పోతుంది: "అబ్బయా, ముందు నీళ్ళు చూడు." బాయిలర్లో నీళ్ళు ఫైర్‌బాక్సు కప్పు కంటే దిగితే ఆ రేకు కాలిపోతుంది. అందులో బిగించిన సీసపు ప్లగ్గు కరిగి ఆవిరి మంట మీదకు దూకుతుంది. దాన్నీ పట్టించుకోకపోతే బాయిలరే పేలవచ్చు. పైగా గ్లాసును కూడా గుడ్డిగా నమ్మకూడదు. దారి మూసుకుపోతే లేని నీళ్ళు ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే కింది కాక్ తిప్పి నీళ్ళు వదిలి, మళ్ళీ ఎక్కుతున్నాయో లేదో చూసుకోవాలి. మన భక్తినీ అప్పుడప్పుడు అలా పరీక్షించుకోవాలేమో. మంట బాగానే కనిపిస్తుంది మరి.

1972లో చిత్తరంజన్ ఇంజన్ల కర్మాగారం తన చివరి ఆవిరి ఇంజన్ను కట్టింది. 1980 దరిదాపుల్లో ఈ దారి మీదకు కరెంటు తీగలు వచ్చాయి. పార పట్టే ఒడుపు, బాయిలర్లోకి నీళ్ళు ఎక్కించే ఇంజెక్టర్ తిప్పే నేర్పు ఎవరికీ అక్కర్లేకపోయాయి.

మరి ఆ పెద్దల్ని తలుచుకుని ఏం చెయ్యాలి? హెబ్రీ పత్రిక వాక్యం బోధించినవారిని గుర్తుచేసుకోమంటుంది గానీ, వాళ్ళు చేసినట్టే అన్నీ చెయ్యమనదు. వాళ్ళ బతుకు ఎలా ముగిసిందో చూసి, వాళ్ళ విశ్వాసాన్ని అనుసరించమంటుంది. ఆ వెంటనే నిన్నా నేడూ ఎప్పుడూ మారని క్రీస్తును మన ముందు నిలబెడుతుంది. మన సంఘాల్లో పోట్లాటలు ఎక్కువగా పాత ఇంజను గురించే: ఏ వాయిద్యం, ఏ వరస, ఏ వేళ. అవేవీ ఆ వాక్యంలో లేవు.

నేటికీ కరెంటు ఇంజన్లో డ్రైవరూ సహాయకుడూ సిగ్నల్ కనబడగానే దాని రంగు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. బొగ్గు పోయింది, పెద్దల నుంచి వచ్చిన ఈ అలవాటు పోలేదు. మీకు మొదట బైబిలు విప్పి చూపించినవారు బతికి ఉంటే, ఈ వారం వెళ్ళి కలవండి.

ప్రార్థన: ప్రభువా, మాకు నేర్పినవారిని బట్టి నీకు వందనాలు. వృద్ధాప్యంలో ఒంటరిగా ఉన్నవారి దగ్గరకు మమ్మల్ని నడిపించు. ఈ రాత్రి తీరం వెంట బండ్లు నడిపే వారి కళ్ళకు నిద్ర రానివ్వకు. మా పక్కన నిలబడి నేర్చుకుంటున్న పిల్లల విషయంలో మాకు ఓర్పునివ్వు. యేసు నామంలో, ఆమెన్.