నిప్పు నిచ్చుట, కట్టె నిచ్చుట

ఒక దీపముతో మరియొక దీపమును వెలిగించినచో మొదటి దీపము తరుగదని మన పెద్దలు చెప్పుదురు. గుడిలో తెలుగు నేర్చుకొను దినములలో మా గురువుగారు మాకీ మాటనే బోధించిరి. ఉపాధ్యాయుడనైన పిదప నేనును పిల్లలకు అదియే చెప్పితిని. కాని నిప్పు నిచ్చుటయు, కట్టె నిచ్చుటయు ఒకటియేనా? టెక్సాస్ రాష్ట్రమందలి కాపెల్ పట్టణమున ఒక శీతకాలపు రాత్రి నాకీ ప్రశ్న ఎదురైనది.

డల్లాస్ నగర సమీపమున నున్న కాపెల్‌లో ఎండలు మెండు, గడ్డకట్టు చలి కొలది దినములే. 2021 ఫిబ్రవరిలో మాత్రము మంచు తుపాను వచ్చెను. 16వ తేదీన ఆ ప్రాంతపు చలి సున్నాకు దిగువ 19 సెల్సియస్ డిగ్రీలకు చేరెను. రాష్ట్రములో 45 లక్షలకు పైగా ఇండ్లకు, వ్యాపార స్థలములకు విద్యుత్తు నిలిచెను. ప్రభుత్వపు లెక్క ప్రకారము 246 మంది మరణించిరి. ఇంటిలోపల బొగ్గులు రాజేసి విషవాయువుచే మరణించినవారును వారిలో కలరు.

మా పెరటిలో కట్టెలుండెను. గాలివానకు విరిగిన ఓక్ కొమ్మను నేనే కోసి, చీల్చి, పేర్చితిని. ఓక్ కట్టె బాగుగ ఎండుటకు సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. పచ్చికట్టె పొగ నిచ్చును గాని వేడి నీయదు. కావున చలి వచ్చిన పిదప కట్టెలు కొట్టుకొన్నను ఫలము లేదు.

రెండవ రాత్రి పొరుగింటి వృద్ధుడు తలుపు తట్టి కట్టెలడిగెను. బదులు చెప్పుటకు ముందు నేను మనస్సులో కట్టెలు లెక్కించితిని. “నేను శ్రమపడితిని, ఇతడు వేసవిలో ఏమి చేసెను?” అనుకొంటిని. ఒక్క చేతినిండ మాత్రమే ఇచ్చి పంపితిని.

నా లెక్క తప్పా? శ్రమించినవానికి హక్కు లేదనుట మనకు తగదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడలో డర్బన్ చేరినవారు మొదలుకొని మన పూర్వులు చెరకు నరికిరి. ఫలము ఇతరులు అనుభవించిరి. కట్టె నాదియే. నాది కానిదానిని ఇచ్చిన అది దానమెట్లగును?

నెటాల్ చెరకుతోటలో పనిచేసిన మా అవ్వ పొద్దు వాలిన పిదప ఎండుపుల్లలేరి తెచ్చెడిది. ఎవరైన నిప్పు అడిగినచో కణికెతో పాటు రెండు పుల్లలు కూడ ఇచ్చెడిది. “ఒట్టి నిప్పు ఎంతసేపు నిలుచును?” అనెడిది. నిప్పు నిచ్చిన మనకేమియు తరుగదు. కట్టె నిచ్చిన మన మోపు తరుగును. తరుగునని తెలిసి ఇచ్చునపుడే ధర్మమునకు పరీక్ష.

తెల్లవారగానే సిగ్గుపడి ఆ వృద్ధ దంపతులను మా ఇంటికే పిలిచితిమి. కరోనా భయము ఇంకను తొలగలేదు. కిటికీ కొంచెము తెరచి, ఎడముగ కూర్చుంటిమి. రెండు పొయ్యిల కట్టెలు ఒక్క పొయ్యిలో కాలెను. నేను రాత్రి వేసిన లెక్కలో ఈ సంగతియే లేదు.

సోదర సోదరీమణులారా, ఇప్పుడు నేను కట్టెలు పేర్చునపుడే పొరుగువారి వంతు కలిపి పేర్చుచున్నాను. తలుపు తట్టిన పిదప లెక్కింపకుండుట నావంటివానికి కష్టము. ముందుగనే లెక్కించి యుంచుట సులభము. మన పిల్లలకు దీపము కథతో పాటు అవ్వ ఇచ్చిన రెండు పుల్లల కథయు చెప్పుదము.