ఎడబాటులోని ధర్మము

ఘంటసాల జలధీశ్వరాలయమున శివపార్వతులు ఏకపీఠముపై వెలసియున్నారు. దాంపత్యమునకిది ఆదర్శము. మరి, 2005 నాటి గృహహింస చట్టము క్రింద న్యాయస్థానము భర్తను భార్య దరిజేరరాదని, ఫోనులోనైనను పలుకరింపరాదని ఆజ్ఞాపించినచో ఆ పీఠము భగ్నమైనట్లేనా?

కాదు. దానిని భగ్నము చేసినది హింస, ఆజ్ఞ కాదు. స్త్రీపురుషులకు సమముగ లింగధారణము నొసగిన బసవేశ్వరుని మార్గమున భార్య భర్త సొత్తు కాజాలదు.

అయినను ఎడబాటు బాధ పసివారికిని తగులును. అందుచేతనే బిడ్డలకు హాని లేనిచో తండ్రి వారిని చూచుటకు 21వ సెక్షను వీలు కల్పించినది. 25వ సెక్షను ననుసరించి రక్షణాజ్ఞ బాధితురాలు రద్దు కోరువరకు అమలులోనుండును. పరిస్థితులు మారినచో ఇరువురిలో నెవరైనను మార్పు కోరవచ్చును.

కనుక "సర్దుకొనుము" అని రాయబారములు నడిపి ఆమెను తొందరపెట్టుట పెద్దరికము కాదు. బిడ్డలకు అండగా నిలిచి, ఆమె భయము తీరువరకు వేచియుండుటయే శరణధర్మము.