ఓర్పుకు హద్దు ఎక్కడ? స్త్రీల వ్యాధులు, మైల, ధర్మం

స్త్రీ తన దేహంలో పుట్టిన బాధను ఎంతకాలం ఓర్చుకోవాలి, ఏ దశలో వైద్యుని గడప తొక్కాలి అన్నది వైద్యశాస్త్రానికి ఎంత సంబంధించిన ప్రశ్నో ధర్మవిచారానికీ అంతే సంబంధించినది. నెలసరికి అంటిన మైల భావన, మర్మాంగాల మాట ఎత్తనీయని సిగ్గు, సహనమే స్త్రీకి అలంకారమన్న నీతి, ఈ మూడూ కలిసి తెలుగు ఇళ్లలో ఆ ప్రశ్నకు మౌనాన్నే సమాధానంగా నిలిపాయి గనుక, ఆ మౌనానికి మతం నిజంగా అనుమతి ఇచ్చిందా అని పరిశీలించడం అవసరం.

మైల అంటే ఆచారరీత్యా దైవకార్యానికి కలిగే తాత్కాలికమైన అనర్హత. ఇంద్రుడు విశ్వరూపుని చంపినప్పుడు కలిగిన బ్రహ్మహత్యాదోషంలో ఒక పాలును స్త్రీలు స్వీకరించారని, అదే నెలనెలా రజస్సుగా కనిపిస్తుందని తైత్తిరీయ సంహిత, భాగవత షష్ఠస్కంధం చెప్పే కథ ఈ భావనకు ఆధారం. అదే కథలో భూమి, చెట్లు కూడా తమ తమ పాళ్లు తీసుకున్నాయి. అయినా చెట్టుకు చీడ పడితే దాచిపెట్టాలని ఏ రైతూ అనుకోడు. స్త్రీదేహం విషయంలో మాత్రం, వేరే చాప, వేరే కంచం, నాలుగోనాటి తలస్నానం అనే లెక్కలు తప్పకుండా చూసుకునే ఇంట్లోనే, పది రోజులైనా ఆగని రక్తస్రావం ఎవరి లెక్కలోకీ రాదు. వ్రతానికో తిరుపతి ప్రయాణానికో అడ్డు రాకూడదని నెలసరిని వాయిదా వేసే హార్మోను బిళ్లలను డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపులో కొంటారు. రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి అవి ప్రమాదకరమని తెలిసినా తెలియకపోయినా వేసుకుంటారు. కాని అదే దేహం రోగంతో మొరపెట్టుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి జంకుతారు.

నిజానికి సహజమైన నెలసరినీ రోగాన్నీ వేరుచేసి చూడమని ప్రాచీన గ్రంథాలే చెప్పాయి. చరకసంహిత చికిత్సాస్థానం ముప్ఫయ్యో అధ్యాయం స్త్రీజననాంగాలకు వచ్చే ఇరవై వ్యాధులను ‘యోనివ్యాపత్తులు’ అనే పేరుతో వర్ణించి, అధిక రక్తస్రావానికి కూడా చికిత్స చెప్పింది. ఇస్లాం ధర్మశాస్త్రంలో నెలసరి కాని రక్తస్రావాన్ని ‘ఇస్తిహాజా’ అంటారు. రక్తం ఆగడం లేదని ఫాతిమా బిన్త్ అబీ హుబైష్ అనే స్త్రీ స్వయంగా వచ్చి అడిగినప్పుడు, అది నరానికి సంబంధించినదే తప్ప నెలసరి కాదనీ, నెలసరి రోజులు గడిచాక స్నానం చేసి నమాజు చేసుకోవచ్చనీ ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది. మార్కు సువార్త అయిదో అధ్యాయంలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో కుమిలిన స్త్రీ గుంపులో వెనకనుంచి రహస్యంగా ఏసు వస్త్రాన్ని తాకగా, ఆయన ఆమెను నిందించక, అందరి ఎదుటా ఆమె చెప్పుకున్నదంతా విని, కుమారీ అని పిలిచాడు. ఈ మూడు చోట్లా వ్యాధి మాట బయటికి రావడం తప్పుగా కనిపించదు.

ఇక ఓర్పు సంగతి. ‘తితిక్ష’ అంటే ప్రతీకారం తలపెట్టకుండా, వగపు లేకుండా దుఃఖాన్ని సహించడమని వేదాంతులు చెబుతారు. అయితే అది జ్ఞానం కోరే సాధకుడు తనకు తానుగా పూనే నియమమే గాని, ఇతరులు స్త్రీపై మోపదగిన బరువు కాదు. గీత రెండో అధ్యాయంలో సహించమన్నది కూడా శీతోష్ణాల వంటి వచ్చిపోయేవాటినే; వచ్చి పోకుండా నెలల తరబడి పెరిగే వ్యాధి ఆ ఉపదేశం పరిధిలోకి రాదు.

ఆ హద్దు ఎక్కడుందో ఆధునిక వైద్యం స్పష్టంగా చెబుతుంది. నెలసరి 24 నుంచి 38 రోజులకొకసారి వచ్చి, 8 రోజులలోపు ముగియడం సాధారణం. గంటకొక ప్యాడ్ చొప్పున తడిసిపోవడం, నెలసరుల మధ్యనో కలయిక తరువాతనో రక్తం కనిపించడం, తెల్లబట్టకు దుర్వాసన, దురద, రంగుమార్పు తోడవడం, కడుపు ఉబ్బరం వారాల తరబడి తగ్గకపోవడం, గర్భసంచి జారినట్టు అనిపించడం, పదిహేనేళ్లు నిండినా పిల్ల పెద్దమనిషి కాకపోవడం డాక్టరుకు చూపించవలసిన లక్షణాలు. నెల తప్పినప్పుడు పొత్తికడుపులో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం వస్తే, గర్భసంచి బయట పిండం పెరుగుతుండవచ్చు గనుక, ఆ క్షణమే ఆసుపత్రికి చేరాలి. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క రక్తపు చుక్క కనిపించినా పరీక్ష తప్పదు. అన్నిసార్లూ అది క్యాన్సర్ కాకపోయినా, గర్భాశయ క్యాన్సర్ చాలామందిలో ముందుగా ఆ రూపంలోనే బయటపడుతుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మాత్రం తొలిదశలో ఏ లక్షణమూ చూపకపోవచ్చు. అందుకే 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో ముందస్తు పరీక్షను చేర్చారు. చిన్న పరికరంతో ముఖద్వారాన్ని చూసి, వినిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని పలచన చేసి పూసి, ఒక నిమిషం ఆగితే, మార్పు చెందిన కణాలున్న భాగం తెల్లగా తేలుతుంది. దేశంలో ఏటా లక్షకు పైగా స్త్రీలకు వచ్చే ఈ వ్యాధి విషయంలో సిగ్గుకు ఎదురుగా నిలిచేది కొద్ది నిమిషాల పరీక్ష మాత్రమే.

మౌనానికి మరో ముఖం తొందరపాటు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మందులతో నయమయ్యే దశలో నోరు విప్పనివ్వక, బాధ ముదిరాక, పిల్లలు పుట్టారు గదా ఇక అదెందుకు అని తీసేయించే ఈ ధోరణికీ, నెలసరిని అసహ్యించుకునే చూపుకూ మూలం ఒకటే: స్త్రీదేహానికి సంతానంతోను, శుచితోను తప్ప స్వతహాగా విలువ లేదన్న భావన. అండాశయాలు కూడా తీసేస్తే నడివయసుకు ముందే ఎముకలు బలహీనపడతాయని ఆ స్త్రీకి ముందుగా చెప్పడం వైద్యుని ధర్మం.

ధర్మార్థకామమోక్షాలకు ఆరోగ్యమే మూలమని చరకుడు చెప్పినప్పుడు స్త్రీపురుషభేదం చేయలేదు. కనుక లక్షణం కనిపించిన స్త్రీ డాక్టరుకు చెప్పుకోవడం సిగ్గుమాలినతనం కాదు, అది తన దేహం పట్ల ఆమె నెరవేర్చే ధర్మం. ఆ మాట నోట వచ్చేలా ఇంట్లో చోటు కల్పించడం, ఖర్చుకూ ప్రయాణానికీ ముందుకు రావడం భర్త, అత్త, కొడుకుల ధర్మం. ఆచారం పాటించే ఇల్లు కూడా ఈ ఒక్క విషయంలో మైలను పక్కన పెట్టి, ఆమెను సకాలంలో ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.