సాయం అనే మాట

పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథను తరగతిలో పాఠం చెపుతున్నాను. ఇల్లు శుభ్రం చేస్తూ చేస్తూ ఒక ఇల్లాలు తన పేరు మరిచిపోతుంది. ఇంట్లోవాళ్ళకు ఆ పేరుతో పని లేదు. చివరకు చిన్ననాటి స్నేహితురాలి నోటినుంచి ఆ పేరు ఆమెకు తిరిగి దొరుకుతుంది. మధ్యతరగతి కుటుంబంలో స్త్రీ వ్యక్తిత్వం లుప్తం కావటాన్ని గురించి ముప్పావు గంటసేపు మాట్లాడాను. బాగానే మాట్లాడానని నా నమ్మకం. గంట కొట్టబోయే ముందు ఒక విద్యార్థిని లేచి, “సార్, మీ ఇంట్లో బండలు ఎవురు తుడుచ్చారు సార్?” అని అడిగింది. తరగతి నవ్వింది. “ఇద్దరమూ” అన్నాను.

అది అబద్ధం. అయితే పచ్చి అబద్ధం కాదు. కోర్టులో నిలబడగల మాటే. నేను కూడా అప్పుడప్పుడు తుడిచిన రోజులున్నవి. వాస్తవాన్ని ఇంత చట్టబద్ధంగా దాచిపెట్టే మాటలు భాషలో ఎన్ని ఉన్నవో ఆలోచించటం తెలుగు సాహిత్యం బోధించేవాడి పని. అందుకనే ఈ వ్యాసం.

మా ఊరు కలమల్ల. తెలుగు ఎం.ఏ. చదివిన వాళ్ళకు ఆ పేరు చెపితే చాలు, ధనంజయుని శాసనం అంటారు. చెన్నకేశవాలయ ప్రాంగణంలో దొరికిన ఆ రాయి క్రీ.శ. 575 ప్రాంతానిది. తెలుగుకు ప్రాచీనత ఉన్నదని చెప్పవలసి వచ్చినప్పుడల్లా అందరూ దాని వంక చూపిస్తారు. కొత్తవాళ్ళకు మా ఊరు థర్మల్ విద్యుత్ కేంద్రం వల్ల తెలుసు. 1994లో మొదలై, 2018 నాటికి 1650 మెగావాట్లకు పెరిగింది. ఒక రాతిమీద రాజు పేరు, ఒక బోర్డుమీద మెగావాట్ల లెక్క. మనుషులు దేన్ని గుర్తుపెట్టుకోదలుస్తారో వీటివల్ల కొంత తెలుస్తుంది. ఆ గుడి ముంగిట కసువు ఎవరు ఊడ్చారన్నది రాతి కెక్కే విషయం కాదు. ఈ మాట ఎత్తిపొడుపుగా అనటం లేదు. నాలుగు నెలలు నా యింట్లో నేను గమనించిన దానికీ దీనికీ సంబంధమున్నది.

ప్రస్తుతం మేము ప్రొద్దుటూరులో కాపురముంటున్నాము. నా భార్య బడిపంతులమ్మ. ఆమె జీతం నా జీతానికి తీసిపోదు. ఇంట్లో పరిచినవి మా ప్రాంతపు నల్ల నాపరాళ్ళే. ఎర్రగుంట్ల వైపునుంచి బండల లారీలూ సిమెంటు లారీలూ తిరిగే ప్రాంతమిది. ఎండాకాలం గాలి ఎలా ఉంటుందో ఈ జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు. పొద్దున తుడిచిన నల్లబండమీద మధ్యాహ్నానికి తెల్లటి పొర కనపడుతుంది. దానిమీద కాలివేళ్ళ గుర్తులు లెక్కపెట్టవచ్చు.

అవి నాకు కనపడేవి కావు. ఇది చమత్కారంగా చెప్పటం లేదు. పద్యంలో యతి తప్పితే, అచ్చులో అరసున్న జారితే నా కన్ను అక్కడే ఆగుతుంది. అదే కన్నుకు నా కాలికింది దుమ్ము కనపడదు. చూపు అనేది కంటికి సంబంధించిన సంగతి కాదనీ, అది అలవాటనీ, ఆ అలవాటు వెనక బాధ్యత ఉన్నదనీ తెలుసుకోటానికి నాకు ముప్పయి ఆరేళ్ళు పట్టింది. “నాకు కనపడలేదు” అనేది నిజమే కావచ్చు. కాని కనపడకపోయినా నాకేమీ నష్టం లేని ఏర్పాటు ఒకటి ఉన్నది గనకనే కనపడలేదు. తెలియకపోవటం నేరం కాదంటారు. తెలుసుకోనక్కర లేకుండా బతకగలగటం మాత్రం ఒక హోదా.

నేను చేసే పనులు లేవా? ఉన్నవి. పండగల ముందు బూజు దులుపుతాను. ఫాన్ల రెక్కలు తుడుస్తాను. నీళ్ళ తొట్టి కడుగుతాను. ఇవన్నీ ఎప్పుడో ఒకసారి చేసేవి. చేసినప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. పక్కింటివాళ్ళకు కూడా తెలుస్తుంది. ఆమె పనులు వేరు. వాకిట్లో సానిపి చల్లటం, కసువు ఊడ్వటం, బండలు తుడవటం, బోకులు తోమటం, స్నానాలగది కడగటం. తక్కిన శ్రమకూ వీటికీ ఒక తేడా ఉన్నది. వండితే అన్నం కనపడుతుంది, బాగుందనో బాగాలేదనో అంటారు. నేస్తే గుడ్డ ఉంటుంది, దున్నితే సాలు ఉంటుంది. శుభ్రం చేసిన పనికి మాత్రం చూపటానికి వస్తువంటూ ఏదీ మిగలదు. చేసినది కనపడదు, చెయ్యనిదే కనపడుతుంది. అందువల్ల దానికి మెప్పు లేదు, నింద మాత్రం ఉన్నది. రోజూ చేసి రోజూ పోగొట్టుకునే పని గనక ఎంత చేసినా దానికి చరిత్ర ఉండదు. ఇలాంటి శ్రమను ఒక మనిషికే జీవితకాలం అప్పజెప్పటం న్యాయమా అన్నది అసలు ప్రశ్న. ఎవరెన్ని గంటలు చేస్తున్నారన్నది దాని తరువాతిది.

గంటల లెక్క కూడా చూద్దాం. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా కాలవినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీ రోజుకు 299 నిమిషాలూ, పురుషుడు 97 నిమిషాలూ వెచ్చిస్తున్నట్టు తేలింది. మూడింట ఒక వంతైనా చేస్తున్నాం గదా అని మగవాళ్ళు సంతోషించటానికి వీల్లేదు. ఆ 97 నిమిషాలు, చేస్తున్నామని చెప్పిన మగవాళ్ళ సగటు మాత్రమే. ఆరేళ్ళు పైబడిన వాళ్ళలో స్త్రీలు నూటికి 81 మంది ఆ పని చేస్తుంటే, మగవాళ్ళు 26 మంది. మిగిలిన 74 మందీ లెక్కలోకే రారు. 2024లో మళ్ళీ సర్వే చేస్తే స్త్రీల కాలం 289 నిమిషాలకు తగ్గింది. మగవాళ్ళది కూడా 88కి తగ్గింది! పని తగ్గించుకోటంలో మాత్రం మనం సమానత్వాన్ని దాదాపుగా సాధించాము.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ముందు ఒక కేసు వచ్చింది. రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలు ఇద్దరూ చనిపోయారు. గృహిణి అయిన ఆమెకు ఆదాయం కింద ఎంత కట్టాలన్నది వివాదంలోని ఒక అంశం. తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో ఈ 299, 97 అంకెలను ఉదహరించి, ఇంటిపనికి విలువ కట్టటం ఆ శ్రమకు గుర్తింపు అని వివరించారు. మంచి తీర్పు. కాని ఆ విలువ కట్టవలసిన సందర్భం ఏ రోజున వచ్చిందో చూడండి.

సాధారణంగా వినపడే వాదాలు కొన్ని ఉన్నవి. మగవాడి స్వభావానికి ఈ పని సరిపడదనేది ఒకటి. మా నాయన కొట్టంలో పేడ ఎత్తి దిబ్బకు మోసినవాడు, బండికెత్తి చేనికి తోలినవాడు. అదే పేడతో ఇల్లు అలికింది మాత్రం మా జేజి. చేనికి పోయే పేడ మగవాడి చేతికి అంటుతుంది, నేలకు పూసే పేడ అంటదు! హోటళ్ళలో, లాడ్జీలలో, రైళ్ళలో, పట్టాళాలలో తుడిచేవాళ్ళూ కడిగేవాళ్ళూ ఎక్కువమంది మగవాళ్ళే. జీతం ముట్టే చోట అడ్డురాని స్వభావం జీతం లేని చోట అడ్డువస్తున్నదంటే అది స్వభావం కాదు.

రాజంపేట, రాయచోటి ప్రాంతాలనుంచి ఎంతోమంది ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ పోయినారు, పోతున్నారు. అక్కడ వాళ్ళు ఊడ్చిన గదులకు దినార్లు వస్తవి. ఆ దినార్లతో ఇక్కడ మిద్దెలు లేస్తవి, ఆడపిల్లల పెండ్లిళ్ళు జరుగుతవి. కువైట్ 2015లో గృహకార్మికుల చట్టం చేసి వారానికొక రోజు సెలవు రాసింది. అమలు మాట ఎలా ఉన్నా కాగితంమీదనైనా ఆ రోజు ఉన్నది. సెలవుమీద స్వగ్రామం వచ్చిన ఆ ఇల్లాలికి సొంత ఇంట్లో అటువంటి కాగితం కూడా లేదు. మరి ఆమె కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ ఇక్కడ పరక ఎవరి చేతికి వచ్చింది? నేనెరిగిన ఇళ్ళల్లో మొగుడి చేతికి రాలేదు. అత్త చేతికో, బడి మానిన పెద్దకూతురి చేతికో వచ్చింది.

ఇంకొక వాదం నాది. అది కాస్త తెలివైనది కాబట్టి కొంచెంసేపు దానిదగ్గర ఆగుతాను. “శుభ్రత ఎవరి అభిరుచిని బట్టి వారికుంటుంది. నాకు ఆ దుమ్ముతో ఇబ్బంది లేదు. ఆమెకు ఉన్నది, అందువల్ల ఆమె తుడుచుకుంటుంది. నేను తుడవమనలేదు గదా?” చాలా ఏండ్లు ఈ వాదాన్ని మనసులో పెట్టుకుని హాయిగా బతికాను. దీనిలోని మోసం ఒక ఆదివారం బయటపడింది. దూరపు బంధువు ఒకాయన చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఆమెకు జ్వరం, ఇల్లు రెండు రోజులుగా ఊడ్వలేదు. ఆయన కుర్చీమీది దుమ్ము తుండుతో దులిపి కూర్చుని, నా వంక కాదు, వంటగది వంక చూశాడు. “ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?” అన్నాడు. ఇల్లు ఇద్దరిది, దుమ్ము ఇద్దరిది, ఆ చూపు మాత్రం ఒకరికే. మాసిన ఇల్లు ఎవరి పరువు తీస్తుందో వాళ్ళకు శుభ్రత అభిరుచి కాదు, ఆత్మరక్షణ. నింద ఇద్దరికీ సమానంగా పంచిననాడు అభిరుచిని గురించి వాదించే అర్హత నాకు వస్తుంది.

మన సాహిత్యోద్యమంలోని మిత్రులనుంచి వచ్చే వాదం వేరు. “ఇవి చిల్లర విషయాలు. వ్యవస్థ మారితే అవే మారుతవి.” ఏంగెల్స్ 1884లోనే కుటుంబంలో భర్త స్థానాన్ని బూర్జువాతోనూ భార్య స్థానాన్ని కార్మికుడితోనూ పోల్చాడు. లెనిన్ 1919లో, చట్టాలెన్ని మారినా చిల్లర ఇంటిచాకిరీ స్త్రీని నలిపివేస్తున్నదని విప్లవం జరిగిన దేశంలోనే రాశాడు. వాళ్ళకు లేని తొందరపాటును మనకు అంటగట్టనవసరం లేదు గాని, వాళ్ళకు చిల్లరగా తోచని దాన్ని మనం చిల్లర అనటం సోమరితనం. వ్యవస్థ మారేలోగా ఆ బండలను ఎవరో ఒకరు తుడుస్తూనే ఉంటారు గదా!

పనిమనిషిని పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాము. ఒక సంవత్సరంపాటు మా సమస్య తీరింది. అంటే ఏమైంది? నా వంతు పనిని నేను చెయ్యలేదు, నా భార్యా చెయ్యలేదు. మూడిళ్ళలో పనిచేసి, మా ఇంటికి నాలుగోదిగా వచ్చి, తన ఇంటికి పోయి అయిదోసారి పరక పట్టుకునే దళిత స్త్రీ చేసింది. మా ఇద్దరి మధ్య సమానత్వం ఆమె నడుముమీద నిలబడింది. జీతం సరిగా ఇచ్చాము, గ్లాసు వేరుగా పెట్టలేదు. ఇవి గొప్పగా చెప్పుకోవలసినవి కావని తెలిసే చెపుతున్నాను. పనికి మనిషిని పెట్టుకోటం తప్పని నా వాదం కాదు. భార్యాభర్తల మధ్య తేలని న్యాయాన్ని కులం ఎంత సులువుగా తేల్చేస్తుందో చూడమంటున్నాను.

పని పంచుకున్నంత మాత్రాన అంతా సరిపోతుందా? గాంధీజీ ఆత్మకథలో ఒక సంఘటన ఉన్నది. 1898 ప్రాంతం, డర్బన్‌లోని ఆయన ఇల్లు. ఇంట్లో ఉన్నవాళ్ళ మూత్రపాత్రలను భార్యాభర్తలే ఎత్తేవారు. పంచమ కుటుంబంలో పుట్టిన ఒక క్రైస్తవ గుమాస్తా పాత్రను ఎత్తవలసి వచ్చినప్పుడు కస్తూరిబా కన్నీళ్ళు పెట్టుకుంది. ఏడుస్తూ కాదు, సంతోషంగా చెయ్యాలని ఆయన పట్టుబట్టాడు. చివరకు చెయ్యి పట్టి గేటు దాకా ఈడ్చుకుపోయాడు. ఆమె నిలదీసిన మీదట సిగ్గుపడ్డాడు, దాచకుండా రాశాడు. అస్పృశ్యత విషయంలో ఆయనదే న్యాయమని నేనంటాను. అయినా ఆ ఇంట్లో ఏ పని చెయ్యాలో, ఎలా చెయ్యాలో, ఏ ముఖంతో చెయ్యాలో నిర్ణయించింది ఒక్కరే. చేతులు నాలుగు, ఆజ్ఞ ఒకటి. ఆ కాలపు మగవాళ్ళలో పాత్ర ఎత్తినవాడే అరుదు గనక ఆయన్ను నిందించే యోగ్యత నాకు లేదు. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు నా సంగతి గుర్తుకువస్తుంది.

ఎందుకంటే తరగతిలో ఆ ప్రశ్న పడిన రోజు సాయంత్రం నేను ఇంటికి పోయి, “రేపటినుంచి బండలు తుడవటంలో నేను సాయం చేస్తాను” అని ప్రకటించాను. ఆమె పరీక్ష కాగితాలు దిద్దుకుంటున్నది. తల ఎత్తకుండానే, “సాయమంటావేంటికి? ఇల్లు నాదొక్కదానిదేనా?” అన్నది.

సాయం ఎవరి పనిలో వాళ్ళు చేసుకునేది కాదు, ఇంకొకరి పనిలో చేసేది. నేను కాలేజీలో పాఠం చెప్పటాన్ని ప్రిన్సిపాలుకు సాయం అనను. సాయానికి కృతజ్ఞత రావాలి, ఇష్టమైనప్పుడు చెయ్యవచ్చు, విసుగు పుడితే మానవచ్చు. ఆ మాటలో ఈ మూడు హక్కులూ నావి. పనిని గుర్తుపెట్టుకోవలసిన భారం మాత్రం ఆమెదే. తుడుపుగుడ్డ చిరిగిందని, ఫినాయిల్ అయిపోయిందని ఆమె చెప్పాలి, నేను తేవాలి. తెచ్చినందుకు నేను మంచి భర్తను.

ఆ రోజునుంచి బండలు నావి. నావి అంటే, తుడవని రోజున జవాబు నాది. మొదటి నెల ఆమె నా వెనకే వచ్చి మూలలు మళ్ళీ తుడిచింది. నాకు కోపం వచ్చింది. తరువాత మూలలు నాకే కనపడసాగినవి.

సంక్రాంతికి మా అమ్మ కలమల్లనుంచి వచ్చింది. పొద్దున బక్కెట్టు, గుడ్డ పట్టుకుని వంగిన నన్ను చూసి నిలబడిపోయింది. “మొగోడు గుడ్డ పట్టుకుంటే ఇంటికి కలిసొచ్చాదా? లెయ్ నాయనా, నేను తుడుచ్చా” అని గుడ్డ లాక్కున్నది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, సరిగా వంగలేదు. వంటగదిలోనుంచి నా భార్య పరుగెత్తుకొచ్చి, “వద్దత్తా, ఇట్లియ్యి” అని ఆమె చేతిలోనుంచి తీసుకున్నది. అమ్మ నన్నేమీ అనలేదు. కోడలి వంక చూసింది. దుమ్ము దులుపుకుని కూర్చున్న ఆ బంధువు చూపే అది. మురికిగా ఉన్నా ఆ చూపు ఆమెకే, నేను తుడిచినా ఆమెకే.

అమ్మ ఉన్న వారం రోజులూ నేను తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఆమె నిద్ర లేచేలోగా తుడిచాను. ఆమె సంతోషపడింది, కోడలు దారిలో పడిందని. నేను నోరు విప్పలేదు. మొదట తరగతిలో నేను చెయ్యని పని చేశానన్నాను, ఇప్పుడు ఇంట్లో చేసిన పని దాచాను. ఉగాదికి అమ్మ మళ్ళీ వస్తానన్నది. ఈసారి పొద్దెక్కినాక, ఆమె చూస్తుండగానే తుడుద్దామనుకుంటున్నాను. అప్పుడు ఆ చూపు పడవలసింది నా భార్యమీద గదా, కనక ముందు ఆమెను అడగాలి. ఇంకా అడగలేదు.