బండి కడుగు నీళ్లు

ఇంటి ముందర కారు కడుగుకొనుట తప్పు కాదు. పొడిగుడ్డతో తుడిచిన యెడల ఇసుకరేణువులు రంగును గీయును. గనుక ముందు తడిపి, నీడపట్టున, పైనుండి క్రిందికి కడుగవలెను. అయితే గొట్టము విప్పి వదలిన నీళ్లు ఎవరివి?

2024 మార్చిలో బెంగుళూరున నీటి కరవు వచ్చినప్పుడు, త్రాగునీటితో బండ్లు కడిగినవారికి 5,000 రూపాయల జరిమానా అని నీటి బోర్డు ఆజ్ఞ ఇచ్చెను. మన ఊరిలో అట్టి జరిమానా లేదు. "మా బోరు, మా కరెంటు" అని మేమును అనినవారమే. కాని భూమి క్రింది నీటికి ప్రహరీలు లేవు. మనము తోడిన కొలది పొరుగువాని బావి దిగవచ్చును.

రెండు బకెట్లు చాలును: ఒకటి సబ్బునీళ్లకు, ఒకటి గుడ్డ జాడించుటకు. జరిమానా లేనిచోట మన చేతిని ఆపవలసినది పొరుగువాని దాహమే గదా!