భారం ఎవరి భుజాలపై?



మనం కారును చూస్తాం. దాని బ్రేకులు, వైర్లు, స్టీరింగు ఎవరి చేతుల్లో తయారయ్యాయో ఆలోచించం. జనరల్ మోటార్స్ నుండి 1999లో వేరుపడిన డెల్ఫీ అనే అమెరికన్ కంపెనీ ఇలాంటి విడిభాగాలనే చేసేది. 2005 అక్టోబరులో అది దివాలా రక్షణ కోరింది. గంటకు సుమారు 27 డాలర్లున్న వేతనాన్ని సగానికన్నా తగ్గించుకోమని కార్మికులను అడిగింది. చైనాతో సహా విదేశీ శాఖలను మాత్రం దివాలాలో చేర్చలేదు.

తప్పెవరిది? "చైనావాడు మా కూడు లాక్కున్నాడు" అంటారు కొందరు. ఇది న్యాయం కాదు. షాంఘైలో యంత్రం ముందు నిలబడినవాడూ బిడ్డల కోసమే చెమటోడుస్తున్నాడు. పైగా 2009 నుండి అమెరికాలో కన్నా చైనాలోనే ఎక్కువ కార్లు అమ్ముడవుతున్నాయి. కొనేవారున్న చోటికి వ్యాపారి వెళ్ళడం పాపమా?

"ఇది మార్కెట్ ధర్మం, ఎవరూ బాధ్యులు కారు" అంటారు మరికొందరు. ఇదీ సరికాదు. మార్కెట్టుకు మనస్సాక్షి లేదు. నిర్ణయించే మనిషికి ఉంది. దివాలాకు కొద్దిగా ముందే ఆ కంపెనీ, ఉన్నతాధికారులు ఉద్యోగం కోల్పోతే ఇచ్చే పరిహారాన్ని పెంచింది. సమర్థులు వెళ్ళిపోకుండా ఆపడానికే అని చెప్పుకోవచ్చు. మరి ముప్పై ఏళ్ళు యంత్రం దగ్గర నిలిచినవాడి సామర్థ్యానికి విలువ లేదా?

కనుక చైనాకు వెళ్ళవచ్చు. అయితే వెళ్ళేటప్పుడు భారం ఎవరి భుజాలపై పెట్టామో చూసుకోవాలి. లాభంలో ముందు నిలిచినవాడు నష్టంలో వెనుక దాగరాదు.

మీ ఇంట కష్టకాలం వస్తే ముందు ఎవరి కంచంలో అన్నం తగ్గుతుంది? తండ్రి కంచంలోనా, పసివాడి కంచంలోనా? జవాబు మీకు తెలుసు.