మూడు మూరల బల్ల

పెద్దవారు ఆటవస్తువులతో కాలము పుచ్చుట తగునా యని మా మిత్రుని యిల్లాలు మమ్మొకనాడు ప్రశ్నించినది. ఆమె యడిగినది తన భర్తను గూర్చియే. నెల్లూరిలో మూడు గదుల యింట కాపురముండి, ఒక కార్యాలయమున లెక్కలు వ్రాయు నీ గృహస్థుడు చివరి గదిలో గోడకొక బల్ల బిగించి, దానిపై చిన్న రైలుదారిని నిర్మించుచున్నాడు. "చోటు చాలక బియ్యం డబ్బా మంచం కింద పెట్టుకుంటున్నామండీ. ఈయనకేమో రైలు కావలసి వచ్చింది" అని యామె యన్నది. మాట హాస్యముగానే వచ్చినను దానియందు ధర్మసందేహము లొకటి రెండు దాగియున్నవని మాకు తోచి, మరునాటి యాదివారమున పోయి చూచితిమి.

బల్ల పొడవు మూడు మూరలు, వెడల్పు అడుగు. అంతకు మించి చోటు లేదు. బీరువా తలుపు తెరచుకొనవలయును గదా. ఆ చోటున రైలుదారి యనగా, ఏమి పెట్టవలయునన్న ప్రశ్న కంటె ఏమి విడువవలయునన్న ప్రశ్నయే ముందు వచ్చును.

మొదట నాయన తలపెట్టినది కృష్ణపట్టణపు రేవు. 2008లో ప్రారంభమైన యీ కొత్త రేవునకు వెంకటాచలము నుండి రైలుదారి గలదు. బొగ్గు బండ్లు ఆ దారిని పోవుచుండును. అయితే బొగ్గు పెట్టె యొక్కటి సుమారు 10.7 మీటర్ల పొడవు. అట్టివి 58 కూర్చిన బండి 620 మీటర్లకు పైబడును. దానిని డెబ్బదియాఱవ వంతునకు కుదించినను ఎనిమిది మీటర్లు దాటును, అనగా ఇరువదియాఱడుగులకు మించును. నెల్లూరి మధ్యతరగతి యిండ్లలో అంత పొడవైన గోడ యెక్కడిది? పోనీ, పెట్టెల లెక్క తగ్గింతమన్నను ప్రయోజనము లేదు. నేటి బొగ్గుబండి కట్టకట్టుకొని వచ్చి కట్టకట్టుకొని పోవును. విడదీయుట లేదు, కలుపుట లేదు. చూచుటకు ఘనముగా నుండునేకాని ఆలోచించుటకు దానిలో నేమియు లేదు.

అందుచేత నాయన దృష్టి ఉత్తరమునకు మరలి బిట్రగుంటపై నిలిచినది. బెజవాడ, మద్రాసుల నడుమ రైలుదారి 1899లో పూర్తియైనది. ఆ రెంటికి దాదాపు నడిమిభాగమున నున్న బిట్రగుంటలో ఆవిరి యింజనులకు నీరును బొగ్గును అందించుటకు, వానిని మార్చుటకు గొప్ప షెడ్డును, దానితోపాటు పెద్ద యార్డును ఉండెడివి. 1980 నాటికి ఆ దారి యంతయు విద్యుత్తుతో నడచుట మొదలుకాగా, ఆవిరితోపాటు ఆ యూరి వైభవమును తగ్గినది. ఆ దశాబ్దముననే సరకు నంతయు పూర్తి బండ్లుగా నడుపు పద్ధతి బలపడి, దేశమున అనేక యార్డులు మూలబడినవి. అంతకు పూర్వము అభ్రకము పెట్టె యొకటి, బియ్యపు పెట్టె యొకటి, ఉప్పు పెట్టె యొకటి, దేని గమ్యము దానిది. అన్నియు కలగాపులగముగా వచ్చి యార్డులో వేరుపడి, మరల వరుస దీరి పోవలెను. మన మిత్రునకు కావలసినది ఆ పని.

కాని బిట్రగుంట యార్డు మూడు మూరలలో నిముడునా? ఇమడదు. అచ్చట నున్న పట్టాల గుంపులో మూటిని మాత్రమే యుంచి తక్కినవాని నాయన విడిచినాడు. ఆలన్ రైట్ అను నొక ఆంగ్లేయుడు కల్పించిన పద్ధతి యిది. దానిని ఇంగిల్‌నుక్ అందురు. రెండు పాయింట్లు, మూడు సైడింగులు. ఒకదానిలో అయిదు పెట్టెలు పట్టును, తక్కిన రెంటిలో మూడేసి పట్టును. ఇంజను వెనుకకు వచ్చి నిలుచు ముంగిటి పట్టాలో ఇంజనుతో కూడ మూడు పెట్టెలకే చోటు. పెట్టెలు మొత్తము ఎనిమిది. ఎనిమిది చీట్లు కలిపి అయిదు తీయవలెను. తీసిన వరుసలోనే ఆ యైదు పెట్టెలను పొడవైన సైడింగులో నిలుపవలెను. ఇట్టి వరుసలు 6,720 కలవు. వానిలో సాధింపరానిది యొక్కటియు లేదట. ముంగిటి పట్టాను మరికొంత పొడిగించినచో పని సులువగును గాని, ఆలోచన యంతంతకు తగ్గును. కురచ చేసినచో విసుగు పుట్టును. కంద పద్యము వ్రాసినవారికి ఈ సంగతి వేరుగా చెప్ప నక్కఱలేదు. గణముల కట్టు, ప్రాస కట్టు, జగణ నిషేధము వీని నన్నిటిని తొలగించి హాయిగా వ్రాయుమన్నచో కవికి వచ్చు మాట మొదట తోచిన మాటయే. కట్టు మూలముననే రెండవ మాటయు మూడవ మాటయు వెదకబడును.

ఇంతవరకు మాకు నాయన పని ముచ్చటగానే యుండెను. విడిచిన దానిని గూర్చియే మా సందేహము. విడుచుటలో అబద్ధము లేదా?

ఆయన యీ ప్రశ్నకు వెఱచువాడు కాడు. తానే ముందుగా నొక తప్పు చూపినాడు. మన పెద్దరైలు పట్టాల నడిమి దూరము 1,676 మిల్లీమీటర్లు. డెబ్బదియాఱవ వంతున నది 22 మిల్లీమీటర్లు కావలెను. అంగళ్లలో దొరకు పట్టా పదునాఱున్నరయే. అది సీమలోని యిరుకు పట్టాకు సైతము సరిగా నప్పునది కాదు. ఆ దేశపు బొమ్మలవారు ఏనాడో చేసికొన్న రాజీ. కావున బల్లమీది బిట్రగుంట, బిట్రగుంట కంటె సన్నని కాళ్లపై నిలిచియున్నది. సైడింగుల పొడవును నిజముకాదు. వెనుక గోడపై వ్రాసిన తాటిచెట్లు మాత్రము సరిగా నున్నవి. మన తీరమున తాటిచెట్టు పొరపాటుగా వ్రాయుట కష్టము. ఇట్టివి సంక్షేపములే గాని బొంకులు కావని మా యభిప్రాయము. చూచువానికి అది తెలియును, చేసినవాడు దాచడు. పటమున నెల్లూరు చుక్కయైనందున నెల్లూరి కెవ్వరును అన్యాయము చేయలేదు.

అప్పుడు లోపలి నుండి ఆయన మేనమామగారు వచ్చిరి. ఎనుబదియేండ్లు దాటిన వృద్ధుడు. దక్షిణదేశపు యార్డులలో షంటింగు జమాదారుగా ముప్పది సంవత్సరములు పనిచేసి విరమించినవారు. కుడిచేతికి రెండు వ్రేళ్లు లేవు. కుర్చీలో కూర్చుండి చాలసేపు పెట్టెల రాకపోకలు చూచి, "బాగుందిరా అబ్బయ్యా. మనిషేడి?" అనిరి.

"ఏ మనిషి మామయ్యా?"

"లంకె వేసేవాడు."

బల్లపై పెట్టెలకు చిన్న కొక్కెములు కలవు. తాకినంతనే అవి తమంత తగులుకొనును. ఆ యార్డులలో అట్లు జరుగలేదు. ఇంజను పెట్టెను నెట్టుకొని వచ్చును. రెండు పెట్టెల బఫర్ల నడుమ ఒక మనుష్యుడు వంగి దూరి, బరువైన యినుప లంకెను ఎత్తి తగిలించి, మర త్రిప్పి బిగించి, మరల వంగి బయటికి రావలెను. చీకటిలో, వానలో, తుపాను గాలిలో. ఇంజను నడుపువానికి అతడు కనబడడు. దీపపు సైగయే ఆధారము. సైగ యొక క్షణము తప్పినచో ఏమగునో ఆ కుడిచేయి చెప్పుచున్నది.

మాకు అప్పటివరకు ఆ లోటు తట్టలేదు. పట్టాల వెడల్పులో అయిదున్నర మిల్లీమీటర్ల తేడాను పట్టుకొన్న మన మిత్రునకు ఒక మనిషి లేమి కనబడలేదు. ఇది ఆయన యొక్కని లోపము కాదు. అమెరికాలో ఎలై జానీ తనంత తగులుకొను లంకెకు 1873లో పేటెంటు పొందెను. దానిని తప్పనిసరి చేయు చట్టము 1893లో వచ్చినది. పూర్తిగా అమలు జరుగునప్పటికి 1900. జపానువారు 1925 జూలైలో ప్రధాన ద్వీపమునందలి లంకెల నన్నిటిని దాదాపు ఒక్క దినమున మార్చివేసిరి. చేయదలచినచో చేయవచ్చునని యిందువలన తేలుచున్నది. ఉపాయము తెలిసిన పిమ్మటకూడ ఇరువదియేడేండ్లు అమెరికాలో వ్రేళ్లు తెగినవన్నచో, ఆ వ్రేళ్లు లెక్క వేయువారి బల్లలపై లేనందుననే కదా. స్థలము చాలక విడుచుట వేరు, కంటి కానక విడుచుట వేరు. మొదటిది సంక్షేపము. రెండవదానికి మేమింకను మెత్తని పేరు వెదకలేకున్నాము.

మిత్రుడు మిక్కిలి నొచ్చుకొని, సీమ నుండి చిన్న మనుష్య ప్రతిమలు తెప్పింతుననెను. వృద్ధుడు నవ్వి, "బొమ్మ నిలబడే వుంటది, వాడు నిలబడితే పని జరగదు గదా" అనిరి. చివరకు నిర్ణయ మిట్లు కుదిరినది. పెట్టె తాకిన ప్రతిసారి ఇంజనును ఆపి, పది లెక్కపెట్టవలెను. ఆ పది యంకెల కాలము లోపలికి దూరిన మనుష్యునిది. లెక్క ముగియకుండ ఇంజను కదలినచో ఆట చెడినట్లే.

ఈ చిన్న నియమము ఆట స్వభావమునే మార్చినది. ఇంతకు మునుపు గడియారము పెట్టుకొని ఎన్ని నిమిషములలో ముగించితిమని చూచుకొనెడివారు. ఇట్టి యాటలలో ప్రసిద్ధమైన మఱియొకదానిని 1972లో జాన్ ఆలెన్ అను అమెరికనుడు కల్పించి, కాలమును మిగుల్చునది యని అర్థము వచ్చునట్లు టైమ్‌సేవర్ అని పేరిడెను. అది చక్కని యాట. నిందింప మాకు మనసు రాదు. అయినను యార్డులో మిగిలిన నిమిషము ఎవరి ఖాతా నుండి మిగిలినదన్న ప్రశ్న ఆ పేరు వినినప్పుడెల్ల ఇకముందు మాకు తోచకమానదు. మన మిత్రుని యింట గడియారము తీసివేసిరి. ఎన్ని లంకెలతో పని ముగిసినదన్నదియే ఇప్పుడు లెక్క. లంకె తగ్గిన కొలది మనుష్యుడు లోపలికి దూరుట తగ్గును గదా.

ఆ లెక్కలో ఇంటిలో నెల్ల మేటి యెవరనగా పండ్రెండేండ్ల కూతురు. తండ్రి పదునేడు లంకెలతో చేసినదానిని ఆమె పదమూడింట చేసినది. మొన్నటి వరకు ఆమెను బల్ల దగ్గరకు రానీయలేదట, "విరగ్గొడతావమ్మా" అని.

ఇక ఇల్లాలి ప్రశ్న మిగిలియున్నది. మేము ఆమెతో, మీ భర్త చేయుచున్నది వట్టి యాట కాదని విన్నవించితిమి. ఆమె మా మాట విని, గోడవైపు చూపి, "ఆ మూడు మూరల్లో మా అత్తగారు దసరాకు బొమ్మల కొలువు పెట్టేవారండీ. మెట్లు కట్టి, పల్లెటూరు, చెరువు, సంత అన్నీ అమర్చేవారు. అది మాత్రం ఆడవాళ్ల వేడుక. ఇదేమో ఇంజనీరింగు" అన్నది.

దీనికి మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఇరుకు చోటున లోకమును కుదించి నిలుపు విద్య మన యిండ్లలో తరతరములుగా స్త్రీల చేతనున్నది. ఏ బొమ్మ పై మెట్టున నుండవలెను, దేనిని పెట్టెలోనే యుంచవలెనని వారు విచారించినంతగా ఏ యింజనీరు విచారించును? దానికి గౌరవమైన పేరు పెట్టవలెనని మనకెన్నడును తోచలేదు. మేమును ఇన్ని సంవత్సరములుగా సంస్కరణమును గూర్చి వ్రాయుచున్నవారమే. కొలువు బొమ్మలను చూచి తాంబూలము పుచ్చుకొని వచ్చితిమే కాని, ఒక్కనాడును ఇది యెట్లు అమర్చితిరమ్మా యని అడిగిన జ్ఞాపకము లేదు.

మిత్రుడు కొంతసేపు తల వంచుకొని యుండి, దసరాకు పదునైదు దినములు ముందుగా బల్ల ఊడదీసి మంచము క్రింద పెట్టెదనని యొప్పుకొనెను. బియ్యపు డబ్బా ఎక్కడికి పోవునని ఇల్లాలు అడిగినది. ఆ మాట యింకను తేలలేదు. మేము సెలవు పుచ్చుకొనునప్పటికి కూతురు మరల అయిదు చీట్లు తీసినది. పెట్టె తాకినది, ఇంజను ఆగినది, ఆ పిల్ల పైకి లెక్కపెట్టుచుండగా వృద్ధుడు కుర్చీలో ముందుకు వంగి, ఎనిమిదవ యంకె దగ్గర, "ఇంకా రాలేదు, వుండు" అనిరి.